మలుపు దగ్గరి మర

దర్జీ నిచ్చెన మీదున్నాడు. చేతిలో సుత్తి, పళ్ళ మధ్య మేకులు. కింద, పిండిమర నడిపే మర అక్క నిచ్చెన కాళ్ళు జారకుండా పట్టుకుని నిలబడింది. వీధి మొత్తంలో వెడల్పైన గోడ పిండిమరది కాబట్టి ఏ బోర్డు కట్టాలన్నా ఆ గోడకే కడతారు. మేకు దిగినప్పుడల్లా రాలే సున్నాన్ని ఎవరు ఊడుస్తారన్న ప్రశ్న ఇంతవరకు వీధి దుకాణదారుల సంఘంలో ఎవరికీ తట్టలేదు.

"సమంగా ఉందా అక్కా?" అన్నాడు దర్జీ మేకుల సందులోంచి.

"ఎడమపక్క కాస్త దిగింది తమ్ముడూ."

బోర్డు మీద ఎర్రరంగుతో పెద్ద అక్షరాలు. 'మన వీధిలోనే కొందాం, మన వీధిని బతికిద్దాం.' దాని కింద కాస్త చిన్నగా, 'ఆదివారం వెనకడుగు పందెం. అందరూ రండి.' రాసింది దర్జీయే. సంఘానికి అతనే పెద్ద. వరసగా నాలుగేళ్ళుగా పందెం గెలుస్తున్నదీ అతనే.

సుత్తి దెబ్బకు గోడ అదిరి, నిచ్చెన పక్కన పెట్టిన అతని సంచి పక్కకు ఒరిగింది. నేలంతా పిండి దుమ్ము. బట్టలేమైనా ఉన్నాయేమో, పాడవుతాయని ఆమె ఒక చేత్తో సంచిని ఎత్తి అరుగు మీద పెట్టబోయింది. బరువుగా ఉంది. మూడు కిలోలో అయిదు కిలోలో చేత్తో ఎత్తి చెప్పడం ఆమెకు రోజూ ఉన్న పని. ఇది బట్ట బరువు కాదు. పైన కప్పిన గుడ్డముక్క జారింది. లోపల గోధుమపిండి ప్యాకెట్, నున్నగా మెరుస్తూ. దాని మీద, వీధి చివర పెద్ద రోడ్డు పక్కన కొత్తగా తెరిచిన స్టోర్ ముద్ర.

ఆమె గబుక్కున గుడ్డముక్క మళ్ళీ కప్పేసింది. తప్పు చేసింది దర్జీ అయితే, దాచింది తను. ఆ సంగతే ఆమెకు ఎక్కువ ఒళ్ళు మండించింది.

"ఇప్పుడు?" అన్నాడు పైనుంచి.

"ఇప్పుడు బాగుంది."

అతను దిగాడు, చేతులు దులుపుకున్నాడు, సంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు. "ఆదివారం మర బాగా తిరగాలక్కా. నువ్వు లేకపోతే మలుపు లేదు," అని నవ్వుతూ ఎదురుగా ఉన్న తన దుకాణంలోకి వెళ్ళిపోయాడు. మర అక్క చీపురు తెచ్చి రాలిన సున్నం ఊడ్చింది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

ఆ వీధి ఎత్తుగా పైకి ఎక్కుతుంది. కింద తాళాలు బాగుచేసే అంగడి దగ్గర మొదలై, మర దగ్గర ఎడమకు తిరిగి, పైన నీళ్ళ పంపు దగ్గర ఆగిపోతుంది. వెనకడుగు పందెమంటే ఆ ఎత్తంతా వెనక్కి నడుస్తూ ఎక్కడం. మెడ తిప్పి చూడకుండా, పందెంలో నడిచేవాళ్ళకు గడ్డం నుంచి చెవుల దాకా గట్టి అట్టపట్టీ కడతారు. వాళ్ళకు వినబడేదీ, వాసన తగిలేదీ తప్ప మరో దారి లేదు. అందుకే పందెం జరిగినంతసేపు మనుషులెవరూ నోరు విప్పకూడదు, దుకాణాలన్నీ మాత్రం పని చేస్తూ ఉండాలి. తాళాలాయన ఆకురాయి గీతలు దాటితే చెప్పులంగడి తోలు వాసన, అది దాటితే రేకు డబ్బాలవాడి సుత్తి. మర చప్పుడు మెడ వెనకనుంచి కుడిచెవిలోకి వచ్చినప్పుడు కుడిచేతి వైపు తిరగాలి, వెనక్కి నడిచేవాళ్ళకు వీధి ఎడమ అదే. తిరగనివాడు నేరుగా మురిక్కాలవలోకి పోతాడు. ఏటా ఎవరో ఒకరు పోతారు, వీధి ఏడాది పొడుగునా వాణ్ణి ఏడిపిస్తుంది.

మధ్యాహ్నం వరకు మరకు ఒక్క డబ్బా కూడా రాలేదు. తర్వాత చెప్పులాయన తల్లి చిన్న గిన్నెలో ఏవో పప్పులు తెచ్చింది, ఎవరికో కషాయానికట. మోటారు వేస్తే కరెంటుకి కూడా చాలదు. అయినా వేసింది. బెల్టు చప్పుడు చేస్తూ తిరిగింది, పైన తొట్టిలోంచి గుప్పెడు గింజలు జారాయి, కింద గుడ్డగొట్టంలోంచి గుప్పెడు పిండి రాలింది. బొటనవేలితో రాసి చూసి, గిన్నె చేతికిచ్చి, మోటారు ఆపింది. ఆపిన తర్వాత ఆ నిశ్శబ్దం భరించలేక గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అంతకుముందు కూడా ఆమె ఆ గుమ్మంలో నిలబడేది. అప్పుడు మనుషుల్ని చూసేది. ఇవాళ సంచుల్ని చూసింది. రేకు డబ్బాలవాడి భార్య సంచి మీద తువ్వాలు. తాళాలాయన కొడుకు సంచిని తిరగేసి పట్టుకున్నాడు, లోపలి వైపు బయటికి. గుండీల కొట్టు ముసలాయన అయితే ఏదో పెద్ద పొట్లాన్ని చొక్కాలోపల పెట్టుకుని, పొట్ట నొప్పి ఉన్నవాడిలా చెయ్యి అడ్డం పెట్టుకుని పోతున్నాడు. వీధి వీధంతా పెద్ద రోడ్డు నుంచే వస్తోంది. వచ్చేటప్పుడు మర ముందు మాత్రం అందరికీ ఆకాశంలో ఏదో కనిపిస్తోంది.

లోపల పీట మీద అత్త ఒళ్ళో ఖాళీ జల్లెడ పెట్టుకుని కూర్చుంది. గింజల్లో మట్టీ రాళ్ళూ ఏరడం ఆవిడ పని. గింజలు లేకపోయినా ఉదయం వచ్చి జల్లెడ ఒళ్ళో పెట్టుకుంటుంది.

"ఏమే, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు?"

"కూర్చోడానికి పనేముంది అత్తయ్యా?"

"పనుంటే ఎవరైనా కూర్చుంటారు. పని లేనప్పుడు కూర్చోవడమే కష్టం. నన్ను చూడు, ఎంత కష్టపడుతున్నానో." అత్త జల్లెడను ఒకసారి ఊరికే తట్టింది. "నా కాలంలో ఈ మర దగ్గర మలుపు తిరిగేటప్పుడు పిండి వచ్చి నా వీపంతా తెల్లబడేది. అప్పుడు తెలిసేది, సగం వచ్చేశానని."

అత్త ఒకప్పుడు మూడుసార్లు గెలిచింది. అందుకే ఇప్పటికీ పైన పంపు దగ్గర గెలుపు తాడు పట్టుకునే గౌరవం ఆవిడదే.

మర్నాడు పొద్దున స్టోర్ మేనేజర్ వచ్చాడు. మర్యాదస్తుడు. పిండి అంటుతుందని తెలిసి కూడా గోడకు ఆనుకున్నాడు.

"ఆలోచించారామ్మా? మీ షెడ్డు మాకు సరుకు దించుకోడానికి కావాలి. మీకు మా పిండి కౌంటర్‌లో ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం. కుర్చీ కూడా ఉంటుంది."

ఆమె 'కుర్చీ' దగ్గర ఆగిపోయింది. భర్త పోయినప్పటి నుంచి, అంతకు ముందు కూడా, ఈ మర దగ్గర ఆమె కూర్చుని చేసిన పని లేదు. సాయంత్రానికి మోకాళ్ళు ఇటుకల్లా అయిపోతాయి.

"ఆదివారం పందెం ఉంది," అంది. "సోమవారం రండి. తాళాలిస్తాను."

అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసిందేమిటా అని ఆమే ఆశ్చర్యపోయింది. అతను దండం పెట్టి వెళ్ళాక జల్లెడ వైపు చూడలేదు. అత్తే మాట్లాడింది.

"కుర్చీలో కూర్చుని ఏం చేస్తావే?"

"పిండి అమ్ముతాను."

"ఎవరు ఆడిన పిండి?"

"ఎవరో ఆడిన పిండి. మీకేం లోటు రాదు, ఇంట్లో హాయిగా కూర్చోవచ్చు."

"ఇక్కడేమైనా నిలబడ్డానా?" అని అత్త జల్లెడ తీసి గోడకు తగిలించింది. మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

శుక్రవారం ఆమె మనసు అసలు ఒక చోట నిలవలేదు. బెల్టు బిగించింది, వదులు చేసింది, మళ్ళీ బిగించింది. తూనికరాళ్ళు కడిగింది. చివరికి పిండి దిగే గుడ్డగొట్టం కుట్టు ఊడిందన్న వంక దొరికింది. అది ఊడి నెలవుతోంది, అయినా దాన్ని చేతపట్టుకుని వీధి దాటి దర్జీ దుకాణానికి వెళ్ళింది.

దర్జీ మెడపట్టీలు కుడుతున్నాడు. అట్టకు రెండువైపులా మెత్తటి బట్ట, చెవుల దగ్గర ఒరుసుకోకుండా మడత. గొట్టం చూడగానే వాటిని పక్కకు నెట్టాడు.

"దీనికి నువ్వు రావాలా అక్కా? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కాదూ." సూది కింద పెట్టి కాలు ఆడించాడు. మిషను టకటకలాడింది.

"మీ ఇంట్లో పిండి అయిపోయిందా తమ్ముడూ?"

కాలు ఆగింది. సూది గుడ్డలో సగం దిగి అలాగే ఉండిపోయింది.

"చూశావా?"

"నిచ్చెన పట్టుకున్నది నేనేగా."

దర్జీ మిషను చక్రాన్ని చేత్తో కొంచెం వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకు తిప్పాడు. "నీ మరదలు పొద్దున పనికి పోతే చీకటి పడ్డాక వస్తుంది. గింజలు కొనాలి, ఏరాలి, కడగాలి, ఎండబెట్టాలి, మోసుకురావాలి. ఎవరు చేస్తారక్కా? ప్యాకెట్ అయితే కత్తిరిస్తే చాలు."

"మరి నా గోడకి ఆ బోర్డెందుకు కొట్టావ్? నీ దుకాణంలో కొనడానికా? వీధికి నా చప్పుడు కావాలి, నా పిండి అక్కర్లేదు. ఏడాదికి ఒక్కరోజు మలుపు తిరగడానికి నేను కావాలి. మిగతా రోజులు నన్నేం చేసుకోమంటావ్? నాకు ఆకలి కూడా ఏడాదికి ఒక్కసారే వేస్తుందనుకున్నారా?"

గొంతు పెరిగింది. పక్క దుకాణంలో రేకు సుత్తి ఆగింది. ఆమె పట్టించుకోలేదు. చెయ్యెత్తి బోర్డు వైపు చూపించింది, చూపించిన చెయ్యి సగంలోనే దించి అలవాటుగా భుజం నొక్కుకుంది.

దర్జీ ఆ చెయ్యినే చూస్తున్నాడు.

"నీ చొక్కా ఎవరు కుట్టారక్కా?" అన్నాడు నెమ్మదిగా.

ఆమె భుజం మీది చెయ్యి తీసేసింది.

"ఆ చంక కింద కుట్టు నాది కాదు. నీ భుజానికి అక్కడ రెండువేళ్ళు వదులు ఉండాలి, బస్తాలెత్తే భుజం. వాళ్ళకేం తెలుసు? చెయ్యెత్తినప్పుడల్లా పట్టేస్తోంది, నొక్కుకుంటున్నావు. రెండు నెలలుగా ఎదురు దుకాణంలోంచి చూస్తున్నాను. నేనేమైనా అన్నానా?"

"అనాల్సింది."

"నువ్వూ అనాల్సింది."

మిషను మళ్ళీ నడిచింది. కుట్టు పూర్తయ్యాక దారం పంటితో తెంపి గొట్టం ఆమె చేతిలో పెట్టాడు. డబ్బులు ఆమె ఇవ్వబోలేదు, అతను అడగలేదు. వీధి దాటి వస్తుంటే ఆ చొక్కా ఒంటి మీద ముళ్ళకంపలా ఉంది. అది స్టోర్ తెరిచిన మొదటి వారం అక్కడే కొన్నది. చవగ్గా ఉందనీ, కొలతలకు తిరిగే పని లేదనీ. పట్టుబడ్డ కోపం, పట్టుకున్న కోపం కంటే రెండింతలు ఉంటుంది. ఆ రాత్రి ఆమె అన్నం ముందు నుంచి సగంలో లేచిపోయింది.

ఆదివారం పొద్దున తొట్టిలో చూసింది. నాలుగు గింజలు మూలకి అతుక్కుని ఉన్నాయి. ఇంట్లో డబ్బాలో తమ తిండికి గోధుమలున్నాయి. తెచ్చి పోస్తే పందెం అయ్యేవరకు వస్తాయి.

'వాళ్ళ ఆటకి గింజలు కూడా నేనే పోయాలా?' అనుకుంది. పోయకూడదని నిశ్చయించుకుంది.

గింజ లేకుండా మర తిప్పితే రాయి రాయిని తింటుంది. రాళ్ళను ఎడం చేస్తే నష్టం లేదు, కానీ చప్పుడూ ఉండదు. ఆ చప్పుడు లేకపోతే మలుపు లేదు. సరే, తిననీ, రేపు తాళాలిచ్చేశాక ఈ రాళ్ళు ఎవరికి కావాలి? వీధి అడిగింది చప్పుడే, చప్పుడే ఇస్తాను. అత్త ఉంటే ఒప్పుకోదు. కానీ అత్త పొద్దున్నే పంచె కుచ్చెళ్ళు దోపుకునే పెద్దమనిషి హడావిడితో పైకి, పంపు దగ్గరికి వెళ్ళిపోయింది.

వీధికి రెండువైపులా జనం చేరారు. ఒక్కడి నోట్లోంచి కూడా మాట లేదు. పిల్లల నోళ్ళకు తల్లుల అరచేతులు. దుకాణాలవాళ్ళు మాత్రం తలుపులు బార్లా తెరిచి, ఎవడి పని వాడు, పండగ చేసుకున్నట్టు చేస్తున్నారు. ఆకురాయి గీస్తోంది. రేకు మోగుతోంది. దర్జీ దుకాణంలో అతని భార్య కూర్చుని ఊరికే మిషను తొక్కుతోంది.

కింద ఈల వేశారు. మర అక్క రాళ్ళను దగ్గరికి బిగించి, స్విచ్ వేసింది.

మొదట మామూలుగానే గుర్రుమంది. మూల అతుక్కున్న ఆ నాలుగు గింజలు కూడా అయిపోయాక గొంతు మారింది. సన్నగా, కీచుగా, పళ్ళు జివ్వుమనేలా. ఆమె చెవులకు చేతులడ్డం పెట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి చూసింది.

వీపులు వస్తున్నాయి. ముందు దర్జీ, వెనకో ముందో తెలియని ఆ నడకలో మోకాళ్ళు వంచి, మడమలతో నేలను తడుముకుంటూ, మెడపట్టీ మీద గడ్డం నిటారుగా. అతని తర్వాత గుండీల కొట్టాయన అల్లుడు, తర్వాత తాళాలాయన కొడుకు, ఇంకొందరు. నెలల తరబడి ఈ వీధి తనకు చూపించింది వీపే కదా అనుకుంది. ఇవాళ పందెమనే పేరు పెట్టుకుని చూపిస్తున్నారు.

దర్జీ మలుపు దగ్గరికి వచ్చాడు. చప్పుడు అతని మెడ వెనకనుంచి కుడిచెవిలోకి మారింది. కుడి మడమ తిప్పాడు. సరిగ్గా తిరిగాడు. ఇక పంపు దాకా అతనికి అడ్డు లేదు.

రెండడుగులు వేసి ఆగిపోయాడు.

ఆ తర్వాత, పందెంలో ఎవరూ చేయనిది చేశాడు. మెడపట్టీని రెండు చేతులతో పట్టుకుని పెరికాడు. తాను కుట్టిన కుట్టే కాబట్టి ఓ పట్టాన ఊడలేదు. మళ్ళీ లాగాడు. అట్ట చేతిలోకి వచ్చింది. వెనక్కి తిరిగి మర వైపు చూశాడు.

"ఆపక్కా!" అని అరిచాడు.

నిశ్శబ్దంలో ఆ అరుపుకు గుండీల అల్లుడు హడలిపోయి మురిక్కాలవలో పడ్డాడు. దర్జీ మరలోకి పరుగెత్తుకొచ్చాడు. లోపల రాయి కాలిన కమురు వాసన. స్విచ్ మీదకు చెయ్యి చాచాడు, ఆమె అడ్డం నిలబడింది.

"లోపల గింజ లేదు! రాయి కాలిపోతోంది!"

"కాలనీ. రేపు తాళాలు స్టోర్ వాళ్ళకిస్తున్నాను. నీకు మలుపు దొరికిందిగా, పో, గెలుచుకో!"

"గింజలేవక్కా?"

"మీరు తెస్తేగా!"

అది వీధంతా విన్నది. ఆమె కళ్ళు తుడుచుకుంటే ముఖమంతా పిండి అయింది. దర్జీ ఆమె పక్కనుంచి చెయ్యి పెట్టి స్విచ్ ఆపాడు. బెల్టు ఇంకా కాస్తసేపు తిరిగి, చప్పట్లు కొట్టి కొట్టి అలిసిపోయినట్టు ఆగింది. బయట రేకు సుత్తి ఆగింది. ఆకురాయి ఆగింది. మలుపు దగ్గర మిగిలిన వీపులన్నీ, రూలు తప్పకూడదని, అటే తిరిగి నిలబడి ఉన్నాయి. ముందుకు పోలేవు, వెనక్కి చూడలేవు. ఆమె కోసం ఆగి ఉన్నాయి.

దర్జీ భార్య మిషను ముందునుంచి లేచి, దుకాణం వెనక ఇంట్లోకి పరుగెత్తింది. వచ్చేటప్పుడు రెండు చేతులతో సంచి ఒకటి గుండెకు హత్తుకుని వచ్చింది. గోధుమలు. ఎప్పుడో కొని, ఏరే తీరిక లేక డబ్బాలో పడి ఉన్నవి. చేతికందిన సంచిలో పోసుకొచ్చింది. దాని మీద స్టోర్ ముద్ర. మర ముందుకొచ్చాక ఆ సంగతి గమనించి, ముద్ర ఉన్న వైపు పొట్టకేసి తిప్పుకుంది.

"తిప్పకులేవే," అంది మర అక్క. "నా చొక్కా మీద ముద్ర లేదు గానీ, ఇదీ అక్కడిదే."

దర్జీ భార్యకు నవ్వాలో వద్దో తెలియలేదు. "ఏరలేదక్కా, మట్టి ఉంటుంది," అంది.

మర అక్క దోసిట్లోకి తీసుకుని చూసింది. మట్టి, రాళ్ళు, పొట్టు, అన్నీ ఉన్నాయి. గోడకున్న అత్త జల్లెడ తీసింది. వీధి మొత్తం చూస్తుండగా, పందెం నడిమధ్య, మలుపు దగ్గర నిలబడ్డ వీపులు ఓపిగ్గా ఎదురుచూస్తుండగా, నేల మీద చతికిలబడి గోధుమలు జల్లించింది. రాళ్ళు టకటక నేల మీద పడ్డాయి. ఎవరూ తొందరపెట్టలేదు. కాలవలోంచి లేచిన గుండీల అల్లుడు కూడా మోకాళ్ళ దాకా బురదతో, మెడపట్టీ సర్దుకుని, బుద్ధిగా అటు తిరిగి నిలబడ్డాడు.

రాళ్ళు చల్లారాయని అరచేత్తో చూసుకుని, గింజలు తొట్టిలో పోసి, మోటారు వేసింది. ఈసారి మర తన గొంతుతో పలికింది. వీపులు ఒక్కొక్కటే ఎడమకు తిరిగి పైకి ఎక్కాయి. గుమ్మంలోంచి లేచిన పిండి వాటి మీద పడింది.

దర్జీ ఎక్కలేదు. వెనక్కి చూసినవాడికి ఇక పందెం లేదు. అతను మర గోడకు ఆనుకుని, తెగిన మెడపట్టీని సాగదీసి చూసుకుంటూ, "దారం మార్చాలి," అనుకున్నాడు.

తాడు తెంపింది తాళాలాయన కొడుకు. చప్పుడు ఆగి, మళ్ళీ మొదలవడం పైన పంపు దగ్గరికి కూడా వినబడిందట. సాయంత్రం అత్త వచ్చి రాళ్ళ మీద ముక్కు పెట్టి వాసన చూసింది. కోడలి ముఖంలోకి చూసింది.

"ఎవరైనా ఏరకుండా తెచ్చినా సరే తీసుకో," అంది. "ఏరడానికి నేను లేనూ? ఇంట్లో తీరిక లేనివాళ్ళు ఇక్కడ పడేసి పోతారు. నువ్వెప్పుడైనా ఎవరికైనా చెప్పావా ఆ మాట?"

మర అక్క చెప్పలేదు. ఎవరో ఒకరు తమంతట తాము రావాలని గుమ్మంలో నిలబడి చూసింది తప్ప, నోరు తెరిచి అడగలేదు. అది తలుచుకుంటే ఆమెకు దర్జీ మీద కోపం సగం దిగింది, మిగతా సగం తన మీదికి వచ్చింది.

సోమవారం మేనేజర్ వచ్చేసరికి పైరాయి వెల్లకిలా పడుకుని ఉంది. మర అక్క దాని ముందు కాళ్ళు చాపి నేల మీద కూర్చుని, ఉలీ సుత్తీ పట్టుకుని, నున్నగా కాలిపోయిన గీతల్లో మళ్ళీ గంట్లు కొడుతోంది. వెనక అత్త జల్లెడలో గింజలు ఆడుతున్నాయి. గుమ్మం దగ్గర రెండు డబ్బాలున్నాయి. రెండే. ఒకటి చెప్పులాయనది, ఇంకొకటి దర్జీ ఇంటిది.

"తాళాలమ్మా..." అన్నాడు అతను.

"రాయి మళ్ళీ బిగించాక మాట్లాడదాం బాబూ. ఈ రెండు డబ్బాలూ ఆడి ఇవ్వాలి."

"బిగించాక ఇస్తారా?"

"ఇవ్వను," అంది. ఆ కుర్చీ ఒక్క క్షణం కళ్ళ ముందు మెదిలింది. మెదలనిచ్చింది. "మీరు మంచివాళ్ళు. ఆ కుర్చీలో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళెవరినైనా కూర్చోబెట్టండి."

అతను వెళ్ళాడు. రెండు డబ్బాలతో మర ఎన్నాళ్ళు నడుస్తుందో ఆమెకు తెలియదు. సుత్తి ఎత్తింది, దెబ్బ కొట్టడానికి చెయ్యి పైకి లేపింది. చంక కింద చొక్కా పర్రుమని నడుము దాకా చిరిగింది.

అత్త జల్లెడ ఆపి చూసింది. మర అక్క ఉలి కింద పెట్టింది. లేచింది. తువ్వాలు కప్పుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ చిరుగుతోనే పట్టపగలు వీధి దాటి దర్జీ దుకాణంలోకి వెళ్ళి నిలబడింది.

దర్జీ చూశాడు. ఏమీ అనకుండా మెడలోంచి టేపు తీశాడు.

"అను తమ్ముడూ," అంది. "ఈసారైనా అను."

"చేతులెత్తక్కా," అన్నాడు దర్జీ.